క్లిక్ హియర్ దాకా చదివిన పిల్లలు

తొమ్మిదో తరగతి చరిత్ర పేపర్లు నలభై రెండు. అన్నింట్లోనూ ఒకటే జవాబు: ‘రైలు వచ్చింది. వ్యాపారం పెరిగింది. జనమంతా సంతోషించారు. క్లిక్ హియర్.’ మొదటి పేపర్లో చూసి నవ్వాను. పదో పేపర్‌కి నవ్వు పోయింది. ఇరవయ్యో దానికి ఒళ్లు మండింది. హిమజ అయితే క్లిక్ హియర్ కింద స్కేలు పెట్టి గీత కూడా గీసింది!

తప్పు వాళ్లది కాదు. బోయిగూడలో మా స్కూలుకి ఆ ఏడాదే ఇంటర్నెట్ వచ్చింది. ఎవరి నోట విన్నా కంప్యూటర్ కోర్సుల మాటే. మా కరస్పాండెంట్ హరికిషన్ గారు చరిత్ర పాఠాల్ని నెట్‌లోంచి ప్రింట్ తీసి, జిరాక్స్ చేయించి, ‘ఇంటర్నెట్ నోట్స్’ అని పంచిపెట్టారు. కంప్యూటర్ మాత్రం ఆయన గదిలో గుడ్డ కప్పుకుని ఉండేది. పిల్లలు కాగితం మీద ఏముంటే అది బట్టీ కొట్టారు.

నేను నలభై రెండు సున్నాలు వేశాను.

“ఏందమ్మా ఇది?” అన్నారు హరికిషన్ గారు. “శనివారం పేరెంట్స్ మీటింగుంది. అందరికీ జీరో అంటే నా ఇజ్జత్ ఏం గావాలె? మార్కులన్న వెయ్యున్రి, లేకుంటే రాజీనామా రాసిచ్చి పోన్రి.”

భయం వేయలేదంటే అబద్ధమే. విజయనగరం నుంచి వచ్చి మల్కాజ్‌గిరిలో కాపురం పెట్టిన మాకు ఈ ఉద్యోగమే ఆధారం. కానీ అర్థం కానిదానికి మార్కులు వేస్తే, రేపు ఆ పిల్లల మొహం ఎలా చూడను?

“వెయ్యనండి,” అన్నాను. “శనివారం దాకా రోజూ ఒక గంట మీ కంప్యూటర్ ఇప్పించండి. అప్పటికీ వద్దంటే రాజీనామా నేనే రాసిస్తాను.”

ఆయన గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు.

మర్నాడు మొదటి ఆరుగురినీ తీసుకెళ్లాను. ఫోన్ లైను కీచుమంటూ కలిసింది. అదే పేజీ తెరిచి మౌస్ హిమజ చేతికిచ్చాను. అది వేలి కొసతో ముట్టి వెనక్కి తీసుకుంది.

“నొక్కవే తల్లీ, కరవదు.”

నొక్కింది. ఒక పాత అర్జీ ఫొటో పైనుంచి కిందికి నెమ్మదిగా వచ్చింది. ఎక్కడో మేమెరగని ఊరి బోయీలు, పల్లకీలు మోసేవాళ్లు, సర్కారుకి రాయించుకున్నది. నేను తెలుగులో చెప్పాను: “రైలు వచ్చాక పల్లకీ ఎక్కేవాళ్లు లేరు. మా పొయ్యి వెలగడం లేదు.” కింద పద్నాలుగు నిశానీలు, చదువురాని చేతులు పెట్టిన వంకర గీతలు.

“మేడమ్, మా నాయనమ్మ వాళ్ల తాత సుత పల్లకీ మోసిండంట,” అంది హిమజ. తెర మీది నిశానీలు లెక్కపెట్టి, “మరి జనమంతా సంతోషించిన్రని రాసిందెవరు?” అంది.

ఆ పేజీ పైనుంచి కిందిదాకా వెతికాం. పేరు లేదు. ఆ పిల్లని అక్కడే ముద్దుపెట్టుకోవాలనిపించింది. చరిత్ర చెప్పడం మొదలుపెట్టి పదకొండేళ్లయినా ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

గంటకి రెండేసి జట్ల చొప్పున శుక్రవారానికి నలభై రెండు మందీ ఆ అర్జీ చూశారు.

శనివారం హాలు నిండింది. తన నోట్స్ గొప్పతనం చూపించాలని హరికిషన్ గారు హిమజనే నిలబెట్టి రైలు పాఠం అప్పజెప్పమన్నారు.

“జనమంతా సంతోషించారు,” దాకా చెప్పి ఆగిపోయింది.

“చెప్పమ్మా, తర్వాత?”

“అది రాసినోళ్ల పేరు లేదు సార్. మాకు పని పోయిందని రాసినోళ్ల నిశానీలు పద్నాలుగున్నయ్. ఎవర్ని నమ్మాలె సార్?”

ఆయన నావైపు చూశారు. వెనక వరసలోంచి హిమజ నాయనమ్మ బాలమ్మ లేచింది.

“మా పోరి సక్కగనే అడిగింది గద సారూ. జెర జవాబు చెప్పున్రి.”

హరికిషన్ గారు రుమాలుతో మెడ తుడుచుకున్నారు. “మళ్ల పరీక్ష పెడ్తమమ్మా,” అన్నారు.

“మరి పాత సున్నాలు?” అడిగాను.

“ఉండనియ్యున్రి మేడమ్,” అంది హిమజ, ఆయనకంటే ముందే.

సోమవారం బోర్డు మీద ఒకటే ప్రశ్న రాశాను: ‘రైలు వచ్చినప్పుడు ఎవరు సంతోషించారు, ఎవరు ఏడ్చారు? నీకెలా తెలుసు?’

గంట కొట్టినా తలెత్తకుండా రాస్తూనే ఉన్నారు, ఒక్కరూ పేపర్ ఇవ్వలేదు.