పాతిన రోలు

లోకేశ్వరి రోలు కింద గునపం పడింది.

ఆ చప్పుడుకు చెంగమ్మ నెత్తిమీది కట్టెలమోపు దబ్బుమని కింద పడేసి పరుగెత్తింది. నీలం బనీన్లు తొడుక్కున్న కాలేజీ పిల్లలు రోలు చుట్టూ మూగినారు. గునపం పట్టుకుని ఒగురుస్తా ఉండేది హంసిని. తిరుచానూరులో గుడి ఆఫీసు ఉద్యోగి కూతురు. మోచేతుల దాకా బురద.

తుఫానుకు చెరువు తెగి వంకమిట్ట పల్లెలో మట్టిగోడలన్నీ బెల్లంగడ్డల్లా కరిగిపోయినాయి. చెరుకాకు కప్పులు యాడ తేలినాయో వంకకే తెలియాలి. మిగిలింది రోళ్ళే. ఈ పల్లెలో ఇల్లు కట్టాలంటే ముందు రోలు పాతి, దాని చుట్టూ గోడలు లేపుతారు. పట్టా కాగితం ఏ ఇంట్లోనూ ఏనాడూ లేదు. రోలు ఎవరిదో ఆ జాగా వాళ్ళది, అంతే. వరద మనుషుల్ని తోసుకుపోయింది గానీ రోళ్ళను కదపలేకపోయింది. వరద చేయలేని పని ఈ పిల్ల చేస్తా ఉంది.

"ఎవురు పెరకమన్నారు పాపా?"

"జాగా చదును చేస్తున్నాం పెద్దమ్మా. రోళ్ళు గుట్టకింద షెడ్ల దగ్గర దించేస్తాం. మీ కొత్త ఇండ్లు అక్కడే కదా."

"ఇండ్లు ఆడయితే సదును ఈడ దేనికి? ఈడ ఏం మొలిపిస్తారు?"

హంసిని వెనక్కి తిరిగి ట్రాక్టరు దిక్కు చూసింది.

చెంగమ్మకు మొదటి నుంచీ అనుమానమే. నీళ్ళు తగ్గకముందే తిరుపతి నుంచి ఈ సేవాసంస్థ వాళ్ళు వచ్చినారు, దుప్పట్లిచ్చినారు, పులిహోర పొట్లాలు పంచినారు. తిన్నది తాను కూడా. పెట్టే చెయ్యి మంచిదే కావచ్చు, దాని వెనకాల ఇంకో చెయ్యి ఉందేమో చూసుకోవద్దా? గుట్టకింద నేల దానమిచ్చింది పెద్ద ఆసామి సుందరరాజు. వాన చినుకు గట్టు దాటి పక్కోడి మడిలో పడితే పంచాయితీ పెట్టే మనిషి! పల్లె పక్కన పూతలపట్టు రోడ్డు వెడల్పు చేస్తారని పోయిన ఎండాకాలం పసుపు రాళ్ళు పాతినప్పటి నుంచీ ఈ జాగాకు ధర పలకతాదని ఖాళీ చేయమని వెంటబడినాడు. కూలిసంగం అడ్డం పడితే మీసం తిప్పుకుంటా పోయినాడు. ఇప్పుడు దానకర్ణుడైనాడు.

బడి వరండాలో అందరూ కూడినారు. వరదొచ్చినప్పటి నుంచీ పల్లె మొత్తం కాపురం అక్కడే.

"తరిమేద్దాం," అన్నాడు సంగం పెద్ద గంగాధరం. "అన్నం పొట్లం ఇచ్చి ఊరు పట్టకపోయే రకం."

లోకేశ్వరి చంకలో బిడ్డ దగ్గుతా ఉంది. "తరిమినాంక యాడ పండుకునేది అన్నా? రేకుల షెడ్డన్నా దక్కతాది గదా!"

"ఎండాకాలం ఆ రేకుల కింద పండుకో, సంగటి కెలికే పనుండదు. మనమే ఉడుకుతాం," అన్నాడో ముసలాయన. ఏడ్చే వాళ్ళు కూడా నవ్వినారు.

"గుట్టకింద బోరేస్తే రాళ్ళపొడే వస్తాది," అన్నారు ఇంకెవరో. "కూలికి పోవాలంటే పొద్దంతా నడకే."

చెంగమ్మ లేచింది. "ఊరికే తరిమితే, పెట్టిన చేతిని కరిసినారంటాడు సుందరరాజు. అడగదాం. మాకోసమే వచ్చింటే మా రోళ్ళ కాడనే కట్టమందాం. ఎవురి మనిషి ఎవురో ఆడనే తేలతాది."

పల్లె అంతా కదిలింది. ట్రాక్టరులో అప్పటికే రోళ్ళు ఎక్కించినారు. చెంగమ్మ తొట్టిలోకి తొంగి చూసింది. రోళ్ళ పక్కన దించకుండా ఉన్న నిలువెత్తు రాతి కూసాలు, ముళ్ళతీగ చుట్టలు.

"పాపా, షెడ్లకు ఇనప పైపులు తెచ్చినారు గదా. ఈ కూసాలు దేనికి?"

"తెలీదు పెద్దమ్మా."

"నాకు తెలుసు. తెచ్చింది కూసాలు, తీసకపోయేది రోళ్ళు."

హంసిని ముళ్ళతీగ చుట్టను తాకి చూసింది. కారు దగ్గర ఫోనులో మాట్లాడుతున్న దయానంద్ వైపు తిరిగింది. సేవాసంస్థ పెద్ద ఆయనే. "సార్, ఈ కంచె ఎవరికి?"

"ఇది ముంపు జాగా హంసినీ. మళ్ళీ వానొస్తే వీళ్ళే పోతారు. వీళ్ళ మంచికే."

"ముంపు మాకేనా?" గంగాధరం అరిచినాడు. "తెగిన చెరువుకట్ట ఏపిస్తే మునగం గదా!"

"కంచె ఎవరికి సార్?"

"గుట్టకింద నేలిచ్చినాయన ఒక మాట అడిగితే కాదంటామా? నువ్వు పని చూడు."

హంసిని గునపం జారవిడిచింది. ఆ లోపలే ఆడవాళ్ళు ట్రాక్టరెక్కినారు. తన రోలు తనకు తెలియనిది ఎవరు? అంచు పగిలింది ఒకరిది, ఊరిబిండి పచ్చడి నూరి నూరి నున్నబడింది ఇంకొకరిది. ఒక్కొక్కటే దించుకున్నారు. దయానంద్ కారు పోయింది. నీలం బనీన్లలో సగం ఆ వెనకే పోయినాయి. హంసిని పోలేదు.

"ఈమె ఆయన మనిషి కాదని ఏం నమ్మకం?" అన్నాడు గంగాధరం.

"నమ్మమని ఎవురన్నారు? బురద తొక్కమను. సూద్దాం."

తెల్లారి కరిగిన గోడల మట్టినే పోగుచేసి, గడ్డి కలిపి, అందరూ దిగి తొక్కినారు. హంసిని కూడా. నేల గట్టిపడినాంక పాతుదామని రోలును పాత చోటనే ఆనించి పెట్టి, లోకేశ్వరి ఇంటికి మొదటి వరస గోడ లేపుతా ఉండగా పోలీసు జీపొచ్చింది. వెనకనే సుందరరాజు.

"ఏమే సెంగీ, సచ్చేవాళ్ళకు నేలిస్తే నామీదనే తిరగబడతావా?"

"నీ నేల నీకే ఉండనీ సామీ. మాది మాకు సాలు."

ఎస్సై లాఠీతో గోడను పొడిచినాడు. "ఈ గోడకు మొదట మట్టి తొక్కింది ఎవరు?"

ఆడా మగా, ముసలీ ముతకా, ఒక్కొక్కరే మోకాలి దాకా మట్టిపట్టిన కాలు ముందుకు పెట్టినారు. హంసిని కాలూ ఆ వరసలోనే ఉంది.

చెంగమ్మనూ గంగాధరాన్నీ జీపెక్కించినారు. బండి కదిలింది, వరద వదిలిన ఒండ్రులో చక్రం దిగబడింది. ఎంత తొక్కినా బురద చిమ్మడమే గానీ కదల్లేదు.

"నెట్టండి!" ఎస్సై కేకేసినాడు. "ఏయ్, మీకే!"

ఒక్కరూ కదల్లేదు. సుందరరాజు తెల్లపంచె ఎగగట్టి తానే భుజం ఆనించినాడు. చక్రం గిర్రున తిరిగి ఆయన మీసాల దాకా బురద కొట్టింది.

చెంగమ్మ కమ్మీల సందున తల బయటపెట్టింది.

"లోకేశ్వరీ! గోడ తడి ఆరినాంకనే రెండో వరస ఎయ్యండి. రోలు మాత్రం ఇబ్బుడే పాతల్ల."

"సరేక్కా! గుంత ఎవురు తవ్వేది?"

చెంగమ్మ హంసినిని ఒక గడియ ఎగాదిగా చూసింది.

"పెరికిన పిల్ల ఉండాది గదా. గునపం దానికియ్యి."

జీపు ఇంకా అక్కడే గురగురమంటా ఉంది. ఆ రొదలో నుంచి చెంగమ్మకు వినబడింది, తడినేలలో గునపం దిగిన చప్పుడు.