ముడిచిన రెండు వేళ్ళు

అమెరికాలోని పిస్కాటవేకు వచ్చాక కనకదుర్గకు కుదిరిన స్నేహం ఒక్కటే, పక్క అపార్ట్‌మెంట్‌లోని చైనా ముసలావిడ లిన్‌తో. ఈవిడకు తెలుగు తప్ప రాదు, ఆవిడకు చైనీస్ తప్ప రాదు. అయినా పార్కు బెంచీ మీద కూర్చుంటే వాళ్ళు చెప్పుకోని సంగతి ఉండేది కాదు. కనకదుర్గ ఆవిడను వదినా అనే పిలిచేది.

లిన్ వదిన మాటిమాటికీ ఎడమచేతి రెండు వేళ్ళు లోపలికి ముడిచి చూపించేది. అది వాళ్ళన్న. చిన్నప్పుడు నూనె గానుగలో ఆ రెండు వేళ్ళూ పోయాయట. చెల్లెల్ని వీపున మోసుకు తిరిగినవాడు, యుద్ధం రోజుల్లో ఇల్లు విడిచాడు, మళ్ళీ కనబడలేదు. ఎక్కడో ఉన్నాడనే ఆవిడ నమ్మకం. ఇదంతా విడమరిచి చెప్పింది కనకదుర్గ మనవరాలు స్మృతి. ఇక్కడే పుట్టిన పిల్ల, యూనివర్సిటీలో చైనా చరిత్ర చదువుతోంది, చైనీస్ వచ్చు.

"మరి నీ చదువు దేనికే? ఆయన్ని వెతికిపెట్టు," అని కనకదుర్గ ప్రాణం తీసింది.

చైనా పాత పత్రికలూ, ఊళ్ళ చరిత్రలూ పేజీ పేజీ ఫోటోలు తీసి కంప్యూటర్‌లో పెట్టారట. యూనివర్సిటీ లైబ్రరీ చందా కడుతుంది గనక స్మృతి చూడగలదట. పేరు కొడితే అదే పేరున్నవాళ్ళు వేలమంది వచ్చిపడ్డారు. పుట్టిన ఊరు చేర్చి, గానుగ చేర్చి, వేసవంతా వడపోసింది. చివరికి ఒక జిల్లా చరిత్రలో నాలుగు వరుసలు దొరికాయి. ఎడమచేతికి రెండు వేళ్ళు లేని బడిపంతులు, వరదలో పిల్లల్ని ఒడ్డుకు చేర్చి తాను కొట్టుకుపోయాడు. అది జరిగి అరవై ఏళ్ళు దాటిపోయింది.

స్మృతి అప్పుడే చెప్పేస్తానని లేచింది. కనకదుర్గ చెయ్యి పట్టుకుని ఆపింది.

"చావు కబురు ఖాళీ కడుపు మీద చెప్తారుటే? ముందు తిననీ. విన్నాక ముద్ద దిగదు."

తన తమ్ముడు పోయినప్పుడు అత్తగారు తనకు అన్నం పెట్టాకే చెప్పింది. ఆ నాలుగు ముద్దలతోనే నిలబడింది అప్పుడు.

లిన్ వదినకు ఇష్టమని పులిహోర కలిపి డబ్బాకెత్తింది. స్మృతి పుట్టినరోజుకూ, సీటొచ్చిన రోజుకూ ఆ గుమ్మానికి వెళ్ళింది పులిహోరేనన్న సంగతి ఆ క్షణంలో తోచలేదు.

తలుపు తీసిన లిన్ వదిన డబ్బా చూసింది, వెనక ల్యాప్‌టాప్‌తో స్మృతిని చూసింది. ముఖం వెలిగిపోయింది. ఇద్దర్నీ లోపలికి లాగి, ఇష్టంగా తింది. సగం తిన్నాక ఆగి, మిగిలింది డబ్బాలోనే సర్ది మూత పెట్టింది. డబ్బా వైపు చూపిస్తూ ఎడమచేతి రెండు వేళ్ళు ముడిచింది.



"అమ్మమ్మా, ఆయన బతికే ఉన్నాడనుకుంటోంది," అంది స్మృతి చిన్నగా. "నేనెలా చెప్పాలి ఇప్పుడు?"

కనకదుర్గ ముడిచిన ఆ వేళ్ళను తన గుప్పిట్లోకి తీసుకుంది, ఇక వదల్లేదు. లిన్ వదిన నవ్వుతూనే ఈవిడ ముఖంలోకి చూసింది. నవ్వు మెల్లమెల్లగా ఆగిపోయింది. అప్పుడు స్మృతి ఆ నాలుగు వరుసలూ చదివింది.

ఆవిడ ఏడవలేదు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మూత మీద రెండు చేతులూ ఆన్చి కూర్చుంది. చీకటి పడ్డాక కనకదుర్గ డబ్బా తీయబోతే ఇవ్వలేదు.