పక్కసీటు లేని బండ్లు

దస్రు స్టీరింగు మీద తల ఆనించి ఉన్నాడు. మఠంపల్లి రోడ్డు పక్కన, తుమ్మచెట్టు కింద ట్రాలీ ఆపి, ఇంజను బంద్ చేసి, చేతులు రెండూ కిందికి వదిలేశాడు. చూసినవాళ్లెవరైనా నిద్రపోతున్నాడనే అనుకుంటారు. నా బండిలో అటుగా వచ్చిన నేనూ అట్లాగే అనుకున్నాను. "ఓ దస్రన్నా! ఫోన్ ఎత్తవేంది? సూపర్‌వైజర్ నీ తాట తీస్తడు, లే!" అంటూ నవ్వుతూనే తలుపు తీశాను. భుజం మీద చెయ్యి వేస్తే ఒళ్లు పెనంలా కాలింది. చెమట చుక్క లేదు. ఊపిరి మాత్రం సన్నగా ఆడుతోంది.

మేమిద్దరం సూర్యాపేట కూల్‌డ్రింకుల డిపోలో సీజన్ డ్రైవర్లం. ఎండలు ముదిరితే మాకు పిలుపు వస్తుంది, వానలు పడితే ఇంటికి పొమ్మంటారు. ఈ ఏడాది మా బండ్లలో డ్రైవరు పక్కసీటును బోల్టులు విప్పి పీకేశారు. ఆ జాగాలో కూడా సీసాల కేసులు పేర్చారు. ఇప్పుడు దస్రును దవాఖానకు తీసుకుపోవాలి. ఎక్కడ కూర్చోబెట్టను? అతని బండిలోనూ కేసులే, నా బండిలోనూ కేసులే.

అంబులెన్సుకు ఫోన్ చేశాను, బయలుదేరిందన్నారు. ఆగలేకపోయాను. నా బండిలోంచి కేసులు దించడం మొదలుపెట్టాను. ఒకటి దించి, రోడ్డు మీద పెట్టి, మళ్లీ పరుగు. ఆ తొందరలో సీసాలు పగిలాయి. "ఎవరన్నా ఉన్నరా? జర రండ్రి! మనిషి పోతున్నడు!" అని గొంతు చించుకున్నాను. మే నెల నడి మధ్యాహ్నం, ఆ రోడ్డున కాకి కూడా లేదు. నా జన్మలో అంత ఒంటరితనం నేనెరగను.

ఆఖరికి చేలకు అడ్డం పడి ఒక గొర్లకాపరి పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరం దస్రును ఎత్తి ఖాళీ అయిన చోట పడుకోబెట్టాం. ఆ ముసలాయన తల బాదుకున్నాడు.

"నేను ఎప్పటి సందో సూస్తనే ఉన్న తమ్మీ. అలిసి పండుకున్నడనుకున్న. పాపం లేపొద్దనుకున్న."

దవాఖాన మెట్ల మీదే ప్రాణం పోయింది. వడదెబ్బ అన్నది డాక్టరమ్మ. జర ముందుగా ఎవరైనా చూసి నీళ్లు చల్లి, దవాఖానకు చేర్చి ఉంటే బతికేవాడన్నది. "బండిలో పక్కన ఎవ్వరు లేరా?" అని అడిగింది. లేరమ్మా అన్నాను. బండి నిండా కూల్‌డ్రింకులున్నాయి గానీ, సోయి తప్పినవాడి నోట్లో పోయడానికి ఒక మనిషి కావాలి కదా!

చదువుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ హాస్టలు ముందు షాపులో మీరు ఐసు డబ్బా తెరిచి చల్లటి సీసా అందుకుంటారే, దాన్ని అక్కడికి చేర్చినవాడి సంగతి చెబుతున్నాను. పొద్దున డిపో గేటు దాటితే నేరేడుచర్ల నుంచి మిర్యాలగూడ దాకా ఒకడే తిరగాలి. ఒకడే దించాలి, ఒకడే ఖాళీ సీసాలు ఎక్కించాలి. షాపువాడు ఎన్ని కేసులంటాడు, మనం సంఖ్య చెబుతాం, ఆ రోజుకు అంతే మాట. మా త్రిపురారంలో మా నాయన గొర్రెలు కాస్తాడు. ఆయన గొర్రెలతోనైనా ముచ్చట పెడతాడు. నేను కేసులతో ఏం ముచ్చట పెట్టను?

డిపోలో పర్మినెంటోళ్లు వేరే. వాళ్లకు ఖాకీ చొక్కా ఉంది, యూనియన్ ఉంది, రేకుల షెడ్డులో ఫ్యాన్ ఉంది, బండికొక హెల్పర్ ఉన్నాడు. రోడ్డు మీద వాళ్ల బండ్లు ఎదురైతే ఒకరికొకరు హారన్ కొట్టుకుంటారు. మా బండి ఎదురైతే మాత్రం ముఖం తిప్పుకుంటారు. అయినా దస్రు హారన్ కొట్టేవాడు. "వాళ్లు కొట్టరు గదన్నా, నీకెందుకు సంబురం?" అంటే, "కొడితే నాదేం పోయింది? నేనొకణ్ణి ఉన్ననని వాళ్లకు ఇనబడ్తది గద!" అనేవాడు.

మా తప్పూ ఉంది. ఏప్రిల్‌లో యూనియనోళ్లు సమ్మె చేసిన నాడు మేం బండ్లు తీశాం. సమ్మె ఎందుకని మాకు ఎవరూ చెప్పలేదు, మేం అడగలేదు. సీజనోళ్లను వెళ్లగొట్టడానికే ఈ సమ్మె అని సూపర్‌వైజర్ మా చెవిలో ఊదాడు, మేం నమ్మాం. ఆ నాటి నుంచి వాళ్ల నోట మాకు ద్రోహులనే, గద్దారులనే పేరు.

పాలకీడు దగ్గర దస్రు తండా. మర్నాడు అంత్యక్రియలకు మేం సీజనోళ్లం అందరం పోయాం. ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని లంబాడీ మాటల్లో రాగం తీసి ఏడుస్తున్నారు. దస్రు భార్య సక్కుబాయి మాత్రం ఏడవడం లేదు. పిల్లను ఒళ్లో పెట్టుకుని శవం ముఖమే చూస్తోంది.

అప్పుడు యూనియనోళ్లు వచ్చారు. ముందు వాళ్ల ప్రెసిడెంటు గౌరయ్య, తల నెరిసిన డ్రైవరు. వెనుక హెల్పర్ యాదగిరి చేతిలో ఎర్రజెండా. దస్రు మేనబావ మల్సూర్ కూడా మాలాగే సీజన్ డ్రైవరే. వాడు లేచి అడ్డం నిలబడ్డాడు.

"యాడికొస్తున్నరు? బతికున్ననాడు షెడ్డుల కూసోనియ్యలే. ఇప్పుడు జెండ కప్పుతరా? సిగ్గుండాలె!"

"సిగ్గు మాకా, మీకా?" యాదగిరి ఎగిరాడు. "మేం కడుపు మాడ్చుకొని గేటుకాడ కూసుంటే, మా ముంగటి నుంచి బండ్లు తోలుకపోయింది ఎవలురా?"

"మా హెల్పర్లను తీసేయించింది ఎవలు? పోయినేడు నా పక్కన మా తమ్ముడు కూసునేటోడు. ఈ యేడు వాని జాగల సీసలు కూసున్నయి!"

చొక్కాలు పట్టుకున్నారు. జెండా కర్ర విరిగింది. శవం పక్కనే, చూడండి, పనిచేసుకు బతికేవాళ్లం ఒకరి గొంతు ఒకరు పిసుక్కుంటున్నాం!

"ఆగుండ్రి!" సక్కుబాయి లేచింది. పిల్లను తల్లి చేతికిచ్చి నడుమకు వచ్చింది. "నేనొక్కటి అడుగుత, జెప్పుండ్రి. మా ఆయనతోని ఆఖరుకు మాట్లాడింది ఎవరు?"

చొక్కాలు పట్టుకున్న చేతులు వదులయ్యాయి. ఆమే చెప్పింది.

"పొద్దుగాల నాకు ఫోన్ జేసిండు. పిల్లకు జొరం తగ్గిందా అన్నడు. తగ్గిందన్న. మంచిదన్నడు. గంతే. అటెన్క వానితోని ఎవరు మాట్లాడిన్రు? ఇంతమంది ఉన్నరు గద డిపోల. ఒక్కరన్న తిన్నవా అన్నరా? కండ్లు తిరుగుతున్నయని సెప్పుకుందామంటె పక్కన ఎవరున్నరు వానికి?"

నేను తల దించుకున్నాను. ఆ పొద్దున గేటు దగ్గర దస్రు నాకు చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. మాట్లాడలేదు.

గౌరయ్య తుండుతో ముఖం తుడుచుకున్నాడు. "అమ్మా, మల్సూర్ అన్నది నిజమే," అన్నాడు. "సీజన్ హెల్పర్లు వస్తె మా హెల్పర్ల పని పోతదని భయపడ్డం. సీజన్ బండికి హెల్పర్ ఉండొద్దని మేమే పోయి మేనేజర్‌ను అడిగినం. మా పిల్లల పని కాపాడుకున్నమనుకొని సంబరపడ్డం. వాడు మేం నోరు తెరిసుడే ఆలస్యం, సరే అన్నడు. మనిషిని దించిండు, సీటు పీకిండు, ఇంకిన్ని కేసులు ఎక్కువ ఎక్కించిండు. మీరు, మేము కొట్లాడుకుంటున్నం. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టయింది."

ఆ మాట అయిందో లేదో, యాదగిరి ఫోన్ మోగింది. డిపో నుంచి వాచ్‌మన్. విన్నకొద్దీ యాదగిరి ముఖం మారిపోయింది. దస్రు తాగి బండి నడిపి తాగుడు ఎక్కువై చచ్చాడని కంపెనీ పోలీసులకు చెప్పిందట.

"తాగిండా?" యాదగిరి అరిచాడు. "దస్రు తాగుతడా? హోలీ నాడు డిపోల మేమందరం తాగితె, వాడొక్కడు గోడకాడ కూసొని మమ్ముల సూసుకుంట ఉన్నడు! రమ్మని నేను పిలువలే గాని, నా కండ్లు దొబ్బినయా? నాకు యాదికి లేదా?"

అంత సేపూ బిగపట్టుకున్న సక్కుబాయికి అప్పుడు ఏడుపొచ్చింది. బావురుమంది. తండా అంతా ఆమె చుట్టూ మూగింది. కాసేపటికి ముఖం తుడుచుకుని గౌరయ్య ముందుకొచ్చి నిలబడింది.

"పెద్దాయనా, జెండ తర్వాత కప్పుదురుగాని. ముందు నాకు మాటియ్యుండ్రి. రేపటి సంది ఎవరి బండన్న గానీ, పక్కన మనిషి లేంది కదలొద్దు. సీజనోళ్లదైనా, పర్మినెంటోళ్లదైనా. ఇంకో ఆడిది నా లెక్క గిట్ల కూసోవద్దు."

గౌరయ్య సరేనని మా వైపు చూశాడు. మల్సూర్ జెండా దారిలోంచి పక్కకు జరిగాడు. ఆ మధ్యాహ్నం దస్రును మోసిన పాడెకు ఒక పక్క ఖాకీ చొక్కాలున్నాయి, ఒక పక్క మేమున్నాం.

తెల్లవారి డిపోకు వస్తే బండ్లన్నీ ఎప్పటిలాగే లోడై ఉన్నాయి, మా బండ్ల పక్కసీటు జాగాలో మళ్లీ కేసులతో. గేటు లోపల ఖాకీవాళ్లు ఒక దిక్కు, మేం ఒక దిక్కు నిలబడ్డాం. మాట ఇచ్చుకున్నాం గానీ అలవాటు లేదు కదా, కలిసి నిలబడటం కూడా చేతకాలేదు. ఎవరు మొదలుపెట్టాలో తెలియక నేల చూపులు చూస్తున్నాం.

ఇంతలో సూపర్‌వైజర్ నన్ను పక్కకు పిలిచాడు. కోదాడ మనిషి, మాట మహా మెత్తన.

"ఏవయ్యా, నీ మంచి కోరి చెబుతున్నాను. వీళ్లతో నీకెందుకు? నువ్వొక్కడివి బండి తియ్యి, మిగతావాళ్లు వాళ్లే వస్తారు. వానలు పడ్డాక నిన్ను పంపను. పర్మినెంటు చేయించే పూచీ నాది. ఏమంటావ్?"

బండి తాళం నా అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆ మాట కోసం మూడు ఎండాకాలాలు చూశాను. వానాకాలం వచ్చిన ప్రతిసారీ సంచి భుజాన వేసుకుని త్రిపురారం బస్సు ఎక్కుతుంటే ఎంత ఏడుపొచ్చేదో నాకే తెలుసు. తాళం పట్టుకుని బండి దగ్గరకు నడిచాను. వెనుక మల్సూర్ ఉమ్మేసిన చప్పుడు వినిపించింది. తలుపు తెరిచాను. పక్కన కేసులు, పైకప్పు దాకా.

ఒక కేసు దించి నేల మీద పెట్టాను. ఇంకొకటి దించాను.

"ఏం చేస్తున్నావ్? పిచ్చా?" సూపర్‌వైజర్ అరిచాడు.

నేను మూడో కేసు మీద చెయ్యి వేశాను. అవతలి తలుపు తెరుచుకుంది. మల్సూర్ వచ్చి చేతులు చాచాడు. వాడి వెనుక యాదగిరి. నేను మల్సూర్‌కు, మల్సూర్ యాదగిరికి, యాదగిరి ఇంకొక ఖాకీ చొక్కాకు. చూస్తుండగానే చేతికి చెయ్యి అంది, వరుస గేటు దాకా సాగింది. నా బండి అయ్యాక పక్క బండి, అది అయ్యాక ఇంకొకటి. సీజన్ బండ్లన్నిటిలో పక్కసీటు చోటు ఖాళీ చేశాం. ఒక్క సీసా పగల్లేదు.

మేనేజర్ బయటికొచ్చాడు. "ఎవడి అబ్బ సొమ్మని ముడుతున్నార్రా?"

"నీ సరుకు నీకున్నది సార్, లెక్క జూసుకో," అన్నాడు గౌరయ్య. "సీటు దెచ్చి బిగియ్యి. మనిషిని కూసోబెట్టు. దస్రు తాగలేదని నీ నోటితోనే జెప్పు. అప్పుడే బండి కదుల్తది. సీజనోనిదీ కదలదు, పర్మినెంటోనిదీ కదలదు."

"కదలదు!" అన్నారు అందరూ.

పోలీసులు రావడానికి ఎంతో సేపు పట్టలేదు. ముందు చెయ్యి వేసింది ఎవడని ఎస్సై అడిగితే, సూపర్‌వైజర్ వేలు నా వైపు చూపించాడు. రెక్క పట్టుకుని నన్ను వ్యాను దాకా ఈడ్చుకుపోయారు.

"వీడొక్కడు చాలు. మిగతోళ్లు పనికి పోండి!" అన్నాడు ఎస్సై.

వ్యానులో ఇనుప బల్ల మీద కూర్చున్నాను. పర్మినెంటు పోయింది, సీజన్ కూడా పోయింది, నాయనకు ఏమని చెప్పాలి? వీళ్లు ఎవరి పనికి వాళ్లు పోతే? దస్రుకు బండి ఆపుకున్నప్పుడు ఇట్లాగే ఉండి ఉంటుంది.

వ్యాను ఒక పక్కకు ఒరిగింది. గౌరయ్య ఎక్కుతున్నాడు.

"నిన్నెవడు ఎక్కమన్నడు? దిగు!" ఎస్సై కసిరాడు.

"ఒక్కణ్ణి పోనియ్యం సార్."

వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తర్వాత యాదగిరి. తర్వాత మల్సూర్. కానిస్టేబుల్ ఒకణ్ణి దించితే ఇద్దరెక్కుతున్నారు. బయట రోడ్డు మీద ఆటోలు ఆగిన చప్పుడైంది. పొద్దున్నే తండా నుంచి బయలుదేరిన సక్కుబాయి, ఆడవాళ్లు దిగి, వ్యాను ముందు రోడ్డు మీద చతికిలబడ్డారు. "మా మనిషి తాగి సచ్చిండన్నోన్ని బయటికి తోలుండ్రి!" అని ఆమె అరుస్తుంటే డిపో గోడలు దద్దరిల్లాయి. హారన్ కొట్టినా ఎవరూ లేవలేదు.

గౌరయ్య నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

"తమ్మీ, నీ పేరేంది?"

మూడు ఎండాకాలాలు ఒకే గేటులోంచి పోయాం, ఒకే గేటులోకి వచ్చాం. ఆ మాట వినగానే నాకు ఏడుపు ఆగలేదు.

"బీరయ్య," అన్నాను.

"జర ఇటు జరుగు బీరయ్యా," అన్నాడు. "ఇంక మనోళ్లు ఎక్కాలె."