దొరగారి ఫ్లైవీలూ నా తలకాయా

మా చెల్లెలి మొగుడు సుబ్బయ్యకి చెవుడు. ఏళ్ల తరబడి చెరుకు మిల్లు బాయిలర్ల పక్కన పనిచేస్తే ఇంకేమొస్తుంది? ఆ సంగతి మా ఊరు రోజ్ బెల్ అంతటికీ తెలుసు, మిల్లు నడిపే ఫ్రెంచివాడు మార్సెల్ దొరకి తప్ప. తెలిసిన రోజున సుబ్బయ్య మెకానిక్కు పని ఊడుతుంది.

దొర మోటారుకారు గడగడలాడుతోందని, ఇంజను వెనక తిరిగే పెద్ద ఇనపచక్రాన్ని, అదే ఫ్లైవీల్‌ని, విప్పి గొలుసుకి వేలాడదీశారు. సుత్తితో తట్టి చూడాలి. గంటలా మోగితే మంచిది, మొద్దుగా పలికితే పగులున్నట్టు. తట్టేటప్పుడు పక్కనే ఉంటానన్నాడు దొర.

"బావా, నా ఎదురుగా నించో. మోగితే తలూపు, లేకపోతే ఊరుకో" అన్నాడు సుబ్బయ్య. గుళ్లో భజన నడిపించే నన్ను ఇనుము వినడానికి పిలిచాడు! చెల్లెలి మొహం చూసి ఒప్పుకున్నాను.

మొదటి దెబ్బకే ఖంగుమంది. అబ్బ, ఏం నాదం! అచ్చం నా శ్రుతి. తలూపాను. సుబ్బయ్య అంచు చుట్టూ తాళం తప్పకుండా కొడుతున్నాడు. నేను కళ్లు మూసుకుని సింహాద్రి అప్పన్న కీర్తన ఎత్తుకున్నాను. మధ్యలో ఒకచోట దబ్బుమంది. పాడేవాడి తల మధ్యలో ఆగుతుందా? ఊగుతూనే ఉంది.

"బోన్! బాగుంది దొరా!" అన్నాడు సుబ్బయ్య.

ఉలిక్కిపడ్డాను. "కాసే! పగిలింది!" అని గొంతు చించుకున్నాను. దొర నా తలకేసే చూస్తూ, "బోన్, బోన్! బిగించెయ్" అని నవ్వాడు. అప్పుడర్థమైంది. వేటలో తుపాకులు పేల్చీ పేల్చీ ఆయనకీ వినపడదు. ఇద్దరూ నా తలనే నమ్ముకున్నారు!

ఒళ్లు మండింది. వెళ్లి చక్రాన్ని కావలించుకుని, దబ్బుమన్న చోటు వేలితో చూపించాను. సుబ్బయ్య అక్కడ కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్దపొడి అద్దాడు. నల్లటి గీత తేలింది. తోలేటప్పుడు దొర కాళ్ల దగ్గరే తిరుగుతుంది ఆ చక్రం; ముక్కలైతే కాళ్లు మిగలవు. ఆయన మొహం పాలిపోయింది.

పగులు పాకకుండా సుబ్బయ్య దాని కొసన బెజ్జం వేశాడు. ఎడ్లబండి చక్రానికి వేసినట్టే, ఎర్రగా కాల్చిన ఇనపకట్టు తొడిగాడు. చల్లారాక మళ్లీ తట్టాడు. ఇద్దరూ నా తలకేసి చూశారు. కట్టు వేసిన ఇనుము ఏం మోగుతుంది? బాగైందో లేదో చెప్పడం నా తరం కాలేదు. ఊపకపోతే చెల్లెలి ఇంట పొయ్యి వెలగదు. భయపడుతూనే ఊపాను.

దొర మహా సంతోషించాడు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, సుబ్బయ్యని తోలమన్నాడు. తను వెనకాల గుర్రబ్బండిలో వస్తాడట.

కాత్ర్ బోర్న్ ఊరు దాకా సుబ్బయ్య హాయిగా పాడుతూనే ఉన్నాడు. నేను కాళ్లు రెండూ సీటు మీదికి లాక్కుని, కింద ఆ చక్రం చప్పుడు ఒక్కణ్ణే వింటూ కూర్చున్నాను.