గేర్‌బాక్సుకు లేని జ్వరం

ఏడో మలుపు దగ్గర దీపం వెలిగింది.

వ్యాను తోలుతున్న మాల్సుక్ డాష్‌బోర్డు వైపు చూసింది. గేరాయిల్ మితిమీరి కాగిపోయిందని చెప్పే దీపం అది. అది వెలిగిందంటే వ్యాను తన ప్రాణం తాను కాపాడుకోవడానికి మూడో గేరులో బిగుసుకు కూర్చుంటుంది, ఎంత బతిమాలినా రెండులోకి దిగదు. చదునైన దారిలో అయితే ఫరవాలేదు. సొల్‌జే కనుమ దిగేటప్పుడు రెండో గేరు లేకపోతే ఇక బ్రేకులే దిక్కు. బ్రేకుల్ని అదే పనిగా తొక్కితే కాలతాయి, కాలిన బ్రేకులు పట్టవు. ఆ సంగతి ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆరేళ్ళ కిందట ఆమె భర్త దోంగ్‌పాల్ దుంగల లారీతో ఇదే కనుమ దిగుతూ, తొమ్మిదో మలుపులో బ్రేకులు పట్టక లోయలోకి వెళ్ళిపోయాడు.

వెనక సీట్లలో నలుగురున్నారు. వారానికి మూడుసార్లు కింద సముద్రపు ఒడ్డు పట్నానికి వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటే తప్ప బతకని మనుషులు. వాళ్ళను తీసుకెళ్ళి తీసుకురావడమే ఆమె ఉద్యోగం. వాళ్ళలో పెద్దవాడు, ఒకప్పుడు బొగ్గుగనిలో పనిచేసిన కూ తాత, ముందుకు వంగి ఆ దీపాన్ని చూశాడు. చూసి, అదేదో పండగ దీపమైనట్టు తల ఊపి వెనక్కి వాలాడు. మిగతా ముగ్గురికీ తెలియనివ్వకూడదని ఆయన ఉద్దేశం. మాల్సుక్ బ్రేకు తొక్కుతూ, వదులుతూ, తొక్కుతూ తొమ్మిదో మలుపు దాటించి, కాస్త చదును కనిపించగానే పక్కకి ఆపింది. చక్రాల నుంచి కాలిన వాసన కొడుతోంది. ఇంజను ఆపి మళ్ళీ వేస్తే దీపం లేదు, గేర్లన్నీ బుద్ధిమంతుల్లా పడుతున్నాయి.

పట్నంలో గరాజువాళ్ళు గేర్‌బాక్స్ పని అయిపోయిందన్నారు. కొత్తది రావడానికి పది రోజులట. పది రోజులు ఆగమని కిడ్నీలకు ఎవరు చెబుతారు? వేరే బండి ఇవ్వమని మండలాఫీసుకు ఫోన్ చేస్తే చూస్తామన్నారు, చూస్తూనే ఉన్నారు. నడిపితే లోయ, నడపకపోతే నాలుగు పాడెలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క మెకానిక్ టాక్ కీసాంగ్. దోంగ్‌పాల్‌కి తమ్ముడిలాంటివాడు, మాల్సుక్‌ని వదినా అనే పిలుస్తాడు. బండిని పైకెత్తి కిందనుంచి చూసి, ఆయిల్ చుక్క వేలికి రాసుకుని వాసన పట్టాడు. మాడిన వాసన లేదు, రంగు మారలేదు. జ్వరమే లేదు, జ్వరం చూసే గాజుగొట్టానికే పిచ్చెక్కిందని తేల్చి, వేడిని కొలిచే సెన్సర్ మార్చేశాడు. మూడు రోజులు దీపం వెలగలేదు. నాలుగో రోజు, శుక్రవారం, మళ్ళీ అదే ఏడో మలుపులో వెలిగింది.

అప్పుడు పట్టుకుంది అసలు భయం. సెన్సర్ అబద్ధం చెబుతోందని నమ్మినన్నాళ్ళు భయానికి ఒక హద్దు ఉంది. కొత్తది కూడా అదే మాట అంటోందంటే ఆ మాట నిజమేనేమో. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఆమె ఒక్క మెతుకు ముట్టలేదు. ఎదురుగా అత్తగారు సోయా పులుసులో చెంచా తిప్పుతూ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"ఏ మలుపు?"

"ఏడు, అత్తయ్యా."

ముసలావిడ చెంచా కింద పెట్టేసింది. కొడుకు పోయాక ఆవిడ ఆ కనుమ వైపు తొంగి కూడా చూడలేదు. పంటి నొప్పి వచ్చినా పట్నం వెళ్ళదు, ఉప్పునీళ్ళు పుక్కిలిస్తుంది. కోడలు ఆ కనుమ మీదే బండి తోలి ఇల్లు గడుపుతోంటే వద్దని ఎన్నడూ అనలేదు, సరేనని కూడా అనలేదు.

ఆదివారం పొద్దున్నే కీసాంగ్ ఒక చిన్న తెరున్న పెట్టె తెచ్చి స్టీరింగు కింద తగిలించాడు. సెన్సర్ ఏం చెబుతోందో అందులో అంకెల్లో కనిపిస్తుందట. రోగులెవరూ లేకుండా ఒకసారి కనుమ దిగుదామన్నాడు.

"దీపం వెలగాలి వదినా. వెలిగితేనే దొంగ దొరుకుతాడు."

అది వెలగకూడదని వారం రోజులుగా మొక్కుతున్న మనిషి, ఇప్పుడు వెలగాలని బండి తోలాలి. దొంగని పట్టడానికొచ్చి తలుపు తెరిచి వాణ్ణే పిలిచినట్టుంది వీడి వరస అనుకుంది మాల్సుక్. రోడ్డు మీద మంచు సన్నగా పేరుకుని ఉంది. కీసాంగ్ సీటుబెల్టు ఒకటికి రెండుసార్లు లాగి చూసుకోవడం ఆమె కంట పడింది. వీడికీ భయమే అన్నమాట. ఆ సంగతి తెలిశాక ఆమెకు ధైర్యం రాకపోగా ఉన్నదీ పోయింది.

అతను అంకెలు పైకి చదువుతున్నాడు. అరవై రెండు. అరవై ఎనిమిది. డెబ్భై. ఐదో మలుపు, ఆరో మలుపు. డెబ్భై నాలుగు. ఏడో మలుపులో ఆమె స్టీరింగు తిప్పింది. డెబ్భై ఐదు. ఏమీ కాలేదు. ఎనిమిదో మలుపు దాటింది. తొమ్మిదోది కనిపిస్తోంది, ఆ పక్కన రెయిలింగులో రంగు కలవని కొత్త ముక్క కనిపిస్తోంది. అది దోంగ్‌పాల్ లారీ విరగ్గొట్టిన చోటు.

అక్కడ వెలిగింది దీపం.

గేరు మూడులో బిగుసుకుంది, బండి ముందుకు తోసుకుపోయింది. మాల్సుక్‌కి కళ్ళ ముందు ఆ రెయిలింగు ముక్క తప్ప మరేమీ లేదు. కాలు తనంతట తనే బ్రేకు తొక్కింది. పక్కనుంచి కీసాంగ్ గొంతు నెమ్మదిగా వినిపిస్తోంది, తొక్కు వదినా, వదులు, మళ్ళీ తొక్కు, అని. మలుపు దాటి రోడ్డు పక్క ఆగాక చూసుకుంటే ఆమె నోట్లో నెత్తురు రుచి. పెదవి కొరుక్కుంది.

"నూట యాభై," అన్నాడు కీసాంగ్. "డెబ్భై ఐదు నుంచి ఒక్క రెప్పపాటులో నూట యాభై."

"కాగిపోయిందా అయితే?"

"పొయ్యి మీద పులుసు పెడితే గోరువెచ్చనయ్యి, వేడయ్యి, అప్పుడు కదా మరిగేది. గేరాయిలైనా అంతే. ఎక్కడైనా వేడి మెట్లెక్కుతుంది గానీ ఇలా గెంతదు. ఇది వేడి కాదు వదినా, తీగ. ఎక్కడో రెండు తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయి."

ఇంజను నడుస్తుండగానే బానెట్ ఎత్తి, ఆమెను అంకెలు చూస్తుండమని, లోపల తీగల కట్టను అంగుళం అంగుళం కదుపుతూ పోయాడు. డెబ్భై ఐదు. డెబ్భై ఐదు. బ్యాటరీ వెనకాల చెయ్యి పెట్టగానే అంకె నూట యాభైకి గెంతింది. చెయ్యి తీస్తే దిగింది. అతను ఇంజను ఆపించి, భుజం దాకా చెయ్యి లోపలికి దూర్చాడు. చెయ్యి బయటికి వచ్చేసరికి అందులో ఒక ఎండుచేప ఉంది.

తలా పొట్టా ఎలుకలు తినేశాయి, తోకా వెన్నూ మిగిలాయి. నడుం చుట్టూ తెల్లదారం చుట్టలు. ఆ దారాన్నే తీగల కట్టకు చుట్టి మూడు ముళ్ళు వేశారు. చేపతో కడుపు నిండని ఎలుకలు తీగల తోలు కూడా కొరికి చూశాయి.

కొత్త బండి వచ్చినప్పుడు దారం చుట్టిన ఎండుచేప కట్టడం అందరూ చేసేదే, ఆపద రాకుండా. ఈ వ్యాను వచ్చినప్పుడు అత్తగారు చక్రాల మీద కల్లు పోసి, డిక్కీలో ఒకటి కట్టింది. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఆ వాసనకు రోగులకు వాంతులవుతున్నాయని మాల్సుక్ దాన్ని తీసేసింది. ముసలావిడ అప్పుడేమీ అనలేదు. కోడలు అద్దం తుడిచే నీళ్ళు పోయడానికి బానెట్ ఎలా ఎత్తుతుందో మాత్రం చూసి నేర్చుకుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

మాల్సుక్‌కి నవ్వొచ్చింది, నవ్వుతూనే రోడ్డు మీద కూలబడి ఏడ్చేసింది. కీసాంగ్ తీగలకు కొత్త తోలు తొడిగి టేపు చుడుతూ, పెద్దావిడకి చెప్పొద్దు, ఎలుకలని చెప్పు చాలు అన్నాడు. చెప్పకపోతే రేపు ఇంకోటి కడుతుందని ఆమె అంది. అతను టేపు ఇంకో చుట్టు చుట్టాడు.

ఇంటికి వెళ్ళి ఆ చేప ముక్కను అత్తగారి ముందు పెట్టి జరిగిందంతా చెప్పింది. కోపంగా చెబుదామనుకుంది గానీ గొంతులో కోపం పలకలేదు. ముసలావిడ దారపు ముళ్ళను వేలితో తడిమింది.

"వాడి లారీకి కడతానంటే నవ్వాడు. అమ్మా, చేప బ్రేకు తొక్కుతుందా అన్నాడు. సరేలెమ్మని ఊరుకున్నాను." ముడి ఒకటి గోటితో లాగింది. "ఊరుకోకుండా ఉండాల్సింది. నీక్కూడా అలా జరుగుతుందేమోనని, పిల్లా..."

 ఎలుకలు కొరికిన తీగ కన్నా ఆ సగం మాట మాల్సుక్‌ని ఎక్కువ భయపెట్టింది. ఈ ఇంట్లో ఆరేళ్ళుగా వణుకుతున్నది తనొక్కతే అనుకుంది ఇన్నాళ్ళూ.

సోమవారం తెల్లవారుతుండగా వ్యాను దగ్గరికి వెళ్ళేసరికి, ముందు సీట్లో ముసలావిడ కూర్చుని ఉంది. పండక్కి వేసుకునే కోటు తొడుక్కుంది. ఒళ్ళో మైనపు కాగితంలో, దాని మీద ప్లాస్టిక్ సంచిలో, కొత్త ఎండుచేప.

"బండికి కట్టకూడదన్నావుగా. నేను పట్టుకుంటాలే," అంది.

మాల్సుక్ ఆవిడ బెల్టు లాగి పెట్టింది. కూ తాత ఎక్కుతూనే ముక్కు ఎగబీల్చి, ఈ వేళ దారిలో చేపకూర కూడా పెడతారా అన్నాడు. ముసలావిడ వెనక్కి తిరిగి, నోరు మూసుకుని బెల్టు పెట్టుకోమంది.

ఏడో మలుపు దాటింది, ఎనిమిదోది దాటింది. దీపం వెలగలేదు. మాల్సుక్ రెండో గేరు వేసింది, బండి బుద్ధిగా నెమ్మదించింది. ముసలావిడ సంచిని రెండు చేతులతో పొట్టకు అదుముకుంది, ఆ ప్లాస్టిక్ గలగల వెనక సీటు దాకా వినిపించింది.

"ఇదేనా?"

"ఇదే, అత్తయ్యా."

ముసలావిడ కళ్ళు మూసుకోలేదు. రంగు కలవని ఆ రెయిలింగు ముక్క వెనక్కి వెళ్ళిపోయేదాకా మెడ తిప్పి చూస్తూనే ఉంది. తర్వాత ముందుకు తిరిగి, మెల్లగా పోనీ, తొందరేం లేదు అంది.