చేసినవారి సంతకం

సూపరింటెండెంటు డ్రెస్సింగ్ రూము పుస్తకం తెరిచి, బల్ల మీదుగా నాగవల్లి ముందుకు తోశాడు.

"ఇందులో నీ పేరు ఎక్కడుందో చూపియ్. ఒక్క దగ్గర చూపియ్, ఇప్పుడే సంతకం పెడ్త."

నాగవల్లి చూపించలేకపోయింది. ప్రతి పేజీలో చివరి గడి మీద 'చేసినవారి సంతకం' అని అచ్చువేసి ఉంది. ఆ గడి పైనుంచి కిందిదాకా ఒకటే పేరు. నరసరాజు. నిన్నటి తేదీ పక్కన కూడా నరసరాజే.

ఆ నరసరాజును నేనే. ఆ సర్కారు దవాఖానలో డ్రెస్సర్‌గా పనిచేసి నాలుగేళ్ళ కిందట రిటైరయ్యాను. ఆ బుధవారం బీపీ మాత్రల కోసం వెళ్ళి, ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూశాను.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో చెయ్యి నలిగినా, ఒంటిమీద యాసిడ్ పడినా మనిషి మొదట చేరేది ఆ డ్రెస్సింగ్ రూముకే. నాలుగేళ్ళుగా ఆ గదిలో ప్రతి గాయాన్నీ కడిగి కట్టు కట్టింది నాగవల్లి. కాగితం మీద మాత్రం ఆమె ఊడ్చే మనిషి. కాంట్రాక్టు మీద, అన్నిటికన్నా కింది గ్రేడు. ఇప్పుడు పై గ్రేడు పోస్టులకు ప్రకటన వచ్చింది. కింది గ్రేడు వాళ్ళూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. పదో తరగతి పాసై ఉండాలి, పై గ్రేడు పని మూడేళ్ళు చేసినట్టు సూపరింటెండెంటు రాసివ్వాలి. శుక్రవారంతో గడువు సరి. నాగవల్లి పదో తరగతి ఓపెన్ స్కూల్లో కట్టి, దూది ఉండలు చుట్టుకుంటూ చదివి పాసైంది.

"నిన్ను తీసుకున్నది ఊడ్వడానికి. ఇంకొకరి సంతకం పెట్టడాన్ని ఫోర్జరీ అంటరు. కేసు పెట్టాల్నా?" అన్నాడు సూపరింటెండెంటు.

ఆమె దరఖాస్తు మడిచి పట్టుకుని బయటికి వచ్చింది. నా ఖాళీ ఎవరితోనూ నింపలేదు. నేను రిటైరైన రోజున, ఇకమీదట ఎవరి పేరు రాయాలని ఆమె అడిగితే, పాత పద్ధతిలోనే నడిపించమన్నది ఈ సూపరింటెండెంటే. అది నా చెవులతో విన్నాను.

కానీ మొదటి సంతకం నా కోసం పడింది. ఆ మాట చెప్పకుండా ఈ కథ చెప్పే హక్కు నాకు లేదు. నా భార్య కమలాకుమారి మంచాన పడిన ఎనిమిది నెలలూ నేను మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళిపోయేవాణ్ణి. పోండి సార్, నేను చూసుకుంట అనేది నాగవల్లి. నా పేరే రాసెయ్యమ్మా అన్నాను. ముప్పై ఏళ్ళు ఊరందరి పుండ్లూ కడిగినవాణ్ణి, కమల వీపు మీది పుండు దగ్గర నా చేతులు ఆడలేదు. డ్యూటీ దిగి నాగవల్లే వచ్చేది. అంటుకున్న పాత కట్టును ఉప్పునీళ్ళతో తడిపి, ఊరికే కూర్చునేది. "గుంజొద్దు సార్. దానంతట అదే ఇడుస్తది." కమల ఆ కొద్దిసేపు నిద్రపోయేది.

మధ్యాహ్నం సైకిల్ స్టాండు రేకుల కింద కాంట్రాక్టు వాళ్ళంతా కూడారు. పదకొండు మంది. అందరూ దరఖాస్తు పెట్టినవాళ్ళే, అందరికీ అదే జవాబు వచ్చింది. ఆక్సిజన్ ప్లాంటు నడిపే యాదన్న ముందుగా నోరు విప్పాడు.

"కాయితం మీద నేను తోటమాలిని. దవాఖాన మొత్తంల ఒక్క పూలచెట్టు ఉన్నదా? సిలిండర్లకే నీళ్ళు పోస్తున్న అనుకుంటున్నట్టున్నరు."

నవ్వారు. పుష్పమ్మ నవ్వలేదు. కాన్పుల వార్డులో ఆయా ఆమె, అందరికన్నా పెద్దది.

"సంతకం పెట్టింది నువ్వు బిడ్డా. కేసైతే నీకైతది. మా కొలువుల మీదికెందుకు తెస్తవ్?"

నాగవల్లి తల వంచుకుంది. అప్పుడు నేను లేచి, మొదటి సంతకం సంగతి చెప్పాను. ఆ పని నేను చేయలేదనీ, నాగవల్లి చేసిందనీ రాసి ఇస్తానన్నాను. డ్యూటీ వదిలి వెళ్ళినట్టు మీరే ఒప్పుకుంటే మీ పింఛను ఏం గాను సార్ అని ఆమె అడిగింది. ఏమైతే అదవుతుందన్నాను. ధైర్యంతో అన్న మాట కాదు, సిగ్గుతో అన్నది.

పుష్పమ్మ తన అరచేతులు చాపింది. నర్సమ్మ లేని పూట బొడ్డు కోసింది ఈ చేతులేనని, పుస్తకంలో తన పేరూ ఎక్కడా లేదని మెల్లగా చెప్పింది. ఆ తర్వాత ఒక్కొక్కరూ చెప్పుకొచ్చారు. ఎవరి పని ఏ పేరు మీద పోతోందో అందరూ పైకి అనడం అదే మొదటిసారి. పక్కపక్కనే టిఫిన్ డబ్బాలు విప్పుకునేవాళ్ళు, ఇన్నేళ్ళూ ఎవరి అవమానం వాళ్ళు దాచుకున్నారు.

కాంట్రాక్టరు దశరథ్ బండి వచ్చి ఆగింది. ఆ పోస్టులకు బయటివాళ్ళను ముగ్గురిని అతను ముందే సిద్ధం చేసి పెట్టుకున్నాడని అందరికీ తెలుసు. మనసు మారినట్టు మాట్లాడాడు.

"లొల్లెందుకు? మీల ముగ్గురికి పోస్టులు నేను ఇప్పిస్త. తక్కినోళ్ళు దరఖాస్తులు వాపస్ తీస్కోండ్రి. ఆ ముగ్గురు ఎవరో మీరే తేల్చుకోండ్రి."

పదకొండు మంది ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ కాసేపు నాకు భయం వేసింది. మనుషులు విడిపోవడానికి అంతసేపు చాలు. చివరికి పుష్పమ్మ కొంగు దులుపుకుని లేచింది.

"పదకొండు మందికి అనుభవం కాయితం రావాలె. లేకుంటే ఎవ్వరికొద్దు. ఇగ నువ్వు బండి తీయ్ దశరథూ, నీడకు అడ్డమున్నవ్."

సాయంత్రం షిఫ్టు మారేవేళ వాళ్ళు ఫ్యాక్టరీ గేట్ల ముందు నిలబడ్డారు. మీకు కట్లు కట్టిందెవరో రేపు దవాఖానకు వచ్చి చెప్పండని కార్మికులను అడిగారు, అంతే.

గురువారం పొద్దున మొదటి కట్టు కట్టగానే, చివరి గడిలో నాగవల్లి తన పేరు రాసింది. ఆక్సిజన్ పుస్తకంలో యాదన్న రాశాడు. కాన్పుల పుస్తకంలో పుష్పమ్మ నెమ్మదిగా తన మూడక్షరాలూ రాసింది. పదింటికల్లా అన్ని పుస్తకాల్లో వాళ్ళ పేర్లే. సూపరింటెండెంటు ఎర్ర సిరాతో కొట్టేశాడు. వాళ్ళు కిందనే మళ్ళీ రాశారు. నా వాంగ్మూలం ఆయన బల్ల మీద పెట్టాను. చదవకుండా సొరుగులో పడేశాడు.

అప్పటికే జనం వస్తున్నారు. రసాయనాల ఫ్యాక్టరీ వాళ్ళు, రేకుల షెడ్ల వాళ్ళు, బీహార్ నుంచి వచ్చిన కుర్రవాళ్ళు. ఆఫీసు ముందు వరుసకట్టి చొక్కా చేతులు పైకి మడిచారు, ప్యాంట్లు మోకాళ్ళదాకా ఎత్తారు. మానిన మచ్చలు. కుట్ల గీతలు. రెండు వేళ్ళు లేని ఒక చెయ్యి. ఒక కుర్రవాడు మెడ మీది మచ్చ చూపించి, నాగవల్లి వైపు తిరిగి "యే దీదీ నే కియా" అన్నాడు, ఈ అక్కే చేసిందని. మల్లేష్ అనే కార్మికుడి ముంజేయి పది రోజుల కిందట యాసిడ్‌తో కాలింది. అతను కట్టుతోనే వచ్చి, ముందు నిలబడి అన్నాడు.

"మూడేండ్ల అనుభవం కావాలంటివి గద సార్. లెక్క చూస్కో."

సూపరింటెండెంటు డ్రెస్సింగ్ రూముకు తాళం వేయించి పోలీసుల్ని పిలిచాడు. ఫోర్జరీ అని పోలీసులు నాగవల్లి చెయ్యి పట్టుకోగానే మిగతా పదిమందీ అడ్డం కూర్చున్నారు. తోపులాటలో మల్లేష్ కట్టు చినిగి రక్తం కారింది. పదకొండు మందినీ, మల్లేష్‌నూ, నన్నూ వ్యానులోకి ఎక్కించారు.

స్టేషన్లో డైరీ రాసే రైటర్ సంగప్ప, కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషి, మల్లేష్ చెయ్యి చూసి కలం ఆపాడు. దెబ్బ ఉన్నవాణ్ణి కూర్చోబెడితే ఆ దెబ్బను డైరీలో ఎక్కించాలి, ముందు దవాఖానకు పంపాలి. పంపుదామంటే డ్రెస్సింగ్ రూముకు తాళం. కట్టు కట్టే మనిషి ఇక్కడ బెంచీ మీద ఉంది.

సంగప్ప గోడకున్న మందుల పెట్టె తీసి ఆమె ముందు పెట్టాడు. ఇంటినుంచి తెచ్చుకున్న కాచిన నీళ్ళ సీసా కూడా ఇచ్చాడు. నాగవల్లి చేతులు కడుక్కుని, అంటుకున్న గుడ్డను తడిపి ఆగింది. మల్లేష్ పళ్ళు బిగించాడు. మీ ఊళ్ళె వానలు పడ్డయా అని అడిగింది. అతను చెప్తూ ఉండగానే గుడ్డ వదిలింది. లోపల లేత గులాబీరంగు చర్మం పడుతోంది. కొత్త కట్టు కట్టి ముడి వేసింది.

"రాయుండ్రి సార్," అంది.

సంగప్ప రాశాడు. టైము, దెబ్బ, చెయ్యి. "కట్టు కట్టింది?"

"నాగవల్లి."

"హోదా?"

నాగవల్లి మా వైపు చూసింది. యాదన్న నిటారుగా కూర్చున్నాడు.

"డ్రెస్సర్," అంది.

సంగప్ప కట్టు వైపు ఒకసారి చూశాడు. కలం మళ్ళీ కదిలింది. ప్రభుత్వం వారే తమ పుస్తకంలో ఆమె పని ఆమె పేరు మీద ఎక్కించడం అదే మొదలు.

ఎస్సై వచ్చి చదివి, ఈ డ్రెస్సర్ అన్న మాట కొట్టెయ్ అన్నాడు. సంగప్ప తల ఎత్తలేదు. కొట్టేస్తే పక్కన మీరు సంతకం పెట్టాల్సి ఉంటది సార్ అన్నాడు. ఎస్సై కిటికీలోంచి చూశాడు. పొద్దుటి షిఫ్టు దిగింది. గేటు బయట నీలం చొక్కాలు రోడ్డు దాకా నిండి ఉన్నాయి. చేతులు పైకి మడిచే ఉన్నాయి. ఆయన సంతకం పెట్టలేదు. కేసు సంగతి తర్వాత చూద్దాం, పిలిస్తే రావాలి, ఇప్పటికి లేచి వెళ్ళమన్నాడు.

ఎవరూ లేవలేదు.

"దాని నకలియ్యండ్రి సార్, రేపు దరఖాస్తుల్ల పెట్టాలె," అంది పుష్పమ్మ.

"ఒకటి ఇస్తా, పొండి."

"ఒకటి సాలది." పుష్పమ్మ బెంచీ మీద ఇంకాస్త వెనక్కి సర్దుకుని కూర్చుంది. "పదకొండు."