వాగులో పటేలు బండి

ఇల్లు ఎదురుగా పెట్టుకొని బండిలో పడుకునే మనిషిని ముత్తెన్న పటేలుకు ముందు హేమ్లి ఎక్కడా చూడలేదు. 2001 ఎండాకాలంలో ఆయన మిలిటరీ వేలంలో వచ్చిన పాత వ్యాను ఒకటి కొనుక్కొచ్చాడు. లోపల మంచం, కిటికీలకు పూల పరదాలు, గ్యాసు పొయ్యి, నీళ్ళు రాని నల్లా. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి అది. మంచు కొండలెక్కిన బండి అని పటేలు ఊరంతా చెప్పుకున్నాడు. ఎక్కిందేమో, దాని వయసులో. ఇప్పుడు అది చేసే ఘనకార్యమల్లా బాన్సువాడ బజారు చుట్టి వచ్చి, చెరుకు తోట గట్టు మీద ఆగి, యజమానిని నిద్రపుచ్చడం.

ఆ తోటలోనే హేమ్లి కలుపు తీసేది. డ్రైవరు రహీం మొత్తుకోవడం ఆమెకు రోజూ వినబడేది.

"పటేలా, తారు రోడ్డు మీద ముందు చక్రాల లివరు తీసెయ్యాలె. బురదల పడ్డప్పుడు ఏసుకుందాం. ఊకె ఏసి ఉంచితే లోపలి గేర్లు ఒకదాన్నొకటి కొరుక్కుంటయి."

"నాలుగు ఎడ్లకు దాణా పెడ్తున్న. రెండిటినే దున్నమంటవారా?"

తారు మీద మలుపు తిరిగినప్పుడల్లా బండి గింజుకునేది. టైర్లు కీచుమని ఎగిరి పడేవి. హేమ్లికి కళ్ళంలో వరి తొక్కించే పశువులు గుర్తొచ్చేవి. నడుమ పాతిన కట్టె పక్కనున్న ఎద్దు ఒక అడుగు వేస్తే చివరిది పది అడుగులు పరుగెత్తాలి. అన్నీ ఒకే నడక నడవాలని పట్టుబడితే పగ్గమైనా తెగుతుంది, మెడైనా విరుగుతుంది. ఎడ్ల సామెత చెప్పే పటేలు ఎప్పుడూ ఎడ్లను తోలినవాడు కాదు. తోలించినవాడు.

ఆ ఏడు వాగు అవతల హేమ్లి వాళ్ళుండే లంబాడీ తండాకు మొరం మట్టి రోడ్డు, వాగు మీద కల్వర్టు వస్తాయన్న మాట పుట్టింది. రోడ్డు వస్తే నస్రుల్లాబాద్ నుంచి బస్సు వస్తుంది. బస్సు వస్తే హేమ్లి బిడ్డ చాంద్రి ఎనిమిదో తరగతికి పోతుంది. లేకపోతే చదువు ఏడుతో సరి. వానల్లో ఆడపిల్లను వాగు దాటించనని భర్త సేవ్యా తేల్చి చెప్పాడు.

పటేలుకు మాత్రం ఆ రోడ్డు తండాకు కాదు, తన చెరుకు తోటకు కావాలి.

"మీ తండాకు రోడ్డెందుకే హేమ్లీ? నా బండి వస్తలేదా?" అన్నాడు. సేవ్యా నవ్వాడు. పటేలు ఏమన్నా నవ్వడం అతనికి అలవాటు. హేమ్లి గడ్డి మీద చెయ్యి ఆపకుండా, "వస్తది పటేలా. ఎండకాలం మేక గుడ వస్తది," అంది.

దారి చూసేందుకు ఇంజినీరు వచ్చిన రోజు వాన వెలిసింది. తండాకు ఉన్న దారే చాలునని చూపించడానికి పటేలు ఆయన్ను తన వ్యానులోనే ఎక్కించుకున్నాడు. మంచం మీద కూర్చోబెట్టి, చేతికి చాయ్ గ్లాసు ఇచ్చాడు. అవతలి ఒడ్డున తండా అంతా నిలబడి ఉంది.

బండి వాగు మధ్యకు వచ్చింది. వెనక చక్రాలు బురదలో గిర్రున తిరిగాయి. "తొక్కు, గట్టిగ తొక్కు," అన్నాడు పటేలు. ముందు చక్రం ఒకటి రాయిని పట్టిన క్షణాన బండి కడుపులో ఫట్‌మంది. తర్వాత ఇంజను మోగుతూనే ఉంది గానీ ఒక్క చక్రమూ తిరగలేదు.

రహీం చాబీ తిప్పి ఇంజను ఆపేశాడు. "గేర్లు పోయినయి పటేలా. నాలుగు ఎడ్లు ఒక్కసారే పండుకున్నయి."

పటేలు బండిని తిట్టాడు, అమ్మినవాణ్ని తిట్టాడు, రహీంను తిట్టాడు. లివరు తియ్యనియ్యని తన చేతిని మాత్రం ఏమీ అనలేదు.

"సేవ్యా, ఎడ్లను కట్టుకొని రా," అని కేక వేశాడు.

సేవ్యా వెనుదిరిగాడు. హేమ్లి అతని రుమాలు పట్టుకొని లాగింది. ముందు సారును దిగనియ్యి, ఎడ్లు ఎక్కడికీ పోవు అని తమ లంబాడీ మాటలో చెప్పింది. తర్వాత వాగు వైపు తిరిగింది.

"ఎడ్లెందుకు పటేలా? కొండలెక్కిన బండాయె."

తండా ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నీళ్ళు బండి లోపలికి వచ్చేదాకా చూసి, ఇంజినీరు బూట్లు చేత పట్టుకొని దిగాడు. తొడల దాకా నీళ్ళు. హేమ్లి ఎదురు వెళ్ళి తన కర్ర చివర అందించింది.

"రోజూ ఇట్లనేనా అమ్మా?"

"రోజు కాదు సారు. వాన పడ్డప్పుడే. వానకాలమంత."

"మరి పిల్లలు బడికి?"

"చిన్నోళ్ళకు తండాలనే ఉన్నది. ఏడో తరగతి దాటినంక గీ నీళ్ళే. ఆడపిల్లలను ఎవ్వరు తోలుతలేరు. గదో, నా బిడ్డ, బడి బందై ఇంట్లనే ఉంటున్నది."

ఇంజినీరు చాంద్రిని చూశాడు, తన తడిసిన ప్యాంటును చూసుకున్నాడు. వెనక కిటికీలోంచి పటేలు తల బయటపెట్టాడు. "సారూ, ఎప్పుడు గిట్ల కాలే. ఎప్పటికీ వచ్చే బండే."

"రమ్మనుండ్రి పటేలా," అంది హేమ్లి. "చూస్తం."

మరుసటి ఎండాకాలానికి కల్వర్టు లేచింది, మొరం పడింది. బడి తెరిచే నాటికి బస్సు కూడా వచ్చింది. బస్సుకు కొబ్బరికాయ కొట్టింది ముత్తెన్న పటేలే. "ఇంజినీరును నా బండిల దెచ్చి చూపిస్తేనే గద రోడ్డొచ్చింది," అన్నాడు అందరి ముందూ. ఈసారి సేవ్యాకు నవ్వు రాలేదు. ఏదో అనబోయాడు.

"ఊకో," అంది హేమ్లి. "ఆయన జీవితంల ఒక్క నిజం చెప్పిండు. చెప్పనియ్యి."

ఒక ఏడాది వెనకబడ్డ చాంద్రి ఆ బస్సులోనే ఎనిమిదికి పోయింది. సాయంత్రం వచ్చి, దారిలో చెరుకు గట్టు మీద పటేలు వ్యాను ఇటుకల మీద నిలబడి ఉందనీ, పూల పరదాల కింద రెండు పాదాలు కనిపించాయనీ తల్లికి చెప్పింది.